ఖాయమైందంట సార్

పదిహేనేళ్ళు దాటింది. ఒక్క మాట నా మీదెక్కి కూర్చుని దిగడం లేదు. పోనీ అదేమన్నా పెద్ద అబద్ధమా అంటే, అబద్ధమే కాదు. అక్షరం అక్షరం నిజం. నా ఒళ్ళు మండేది అక్కడే. అబద్ధం చెప్పినవాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు 'అబద్ధం చెప్పాను, తప్పయింది' అని ఒక్క ముక్కలో తేల్చుకుంటారు. నిజం చెప్పి ఒక మనిషి నోటికాడి కూడు తీసేసినదాన్ని, నేనేమని ఒప్పుకోవాలి? నిజం చెప్పాను, క్షమించండి అనా?

మీరెవరో నాకు తెలియదు. అదే మంచిది. తెలిసినవాళ్ళయితే "పోనీలేవే, ఎప్పటి సంగతో" అంటారు. ఆ 'పోనీలే' నాకు నేనే చెప్పుకుని చెప్పుకుని విసిగిపోయాను. మీరు ఏమీ అనకండి. వినండి చాలు.

నా పేరు చెప్పను. మాది గురజాల వైపు ఒక ఊరు. ఒక యూనివర్సిటీలో బాటనీ పాఠాలు చెబుతాను. నా గది తలుపు మీద నా పేరుకు ముందు డాక్టర్ అని రాసి ఉంటుంది. ఆ ముక్క చూసినప్పుడల్లా నాకు మైసూర్ పాక్ గుర్తొస్తుంది. ఎందుకో చెబుతాను.

నేను అక్కడే పీహెచ్‌డీ చేశాను. రీసెర్చ్ స్కాలర్ అంటే బయటివాళ్ళకి ఎంతో గొప్పగా వినిపిస్తుంది. మా ఊళ్ళో మాత్రం "ఇంకా చదువుతానే ఉందా మీ పిల్ల?" అనేవాళ్ళు. నెలనెలా చేతికి ఏదన్నా వస్తుంటే దాన్ని ఉద్యోగం కింద జమకడతారు. రాకపోతే వయసు మీద పడుతున్న పిల్ల కింద జమకడతారు. ఈ రెండిటి మధ్య ఇంకో గది లేదు. అందుకని మాకు ఫెలోషిప్ అంటే మెస్సు ఖర్చు, బస్సు ఖర్చు మాత్రమే కాదు. ఇంట్లోవాళ్ళ నోళ్ళు మూతపడే ఉపాయం. ఇంకో రెండు మూడేళ్ళు మమ్మల్ని మా మానాన వదిలేయించే ఉపాయం.

ఆ ఉపాయం మా డిపార్ట్‌మెంటులో ఎప్పుడూ ఒక్కటే ఉండేది. స్కాలర్లు మాత్రం ఒక్కరు ఉండరు. ఇదెక్కడి న్యాయమో నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడు కుర్చీ ఇవతలికి వచ్చాకా అర్థం కాలేదు. ఇద్దరిని చేర్చుకుంటారు. ఇద్దరికీ పని ఇస్తారు. ఇద్దరి చేతా ప్రాక్టికల్ క్లాసులు చెప్పిస్తారు, పరీక్ష పేపర్లు మోయిస్తారు. ప్రాజెక్టు వచ్చినప్పుడు ఒక్కరికే ఫెలోషిప్ అంటారు. రెండోవాళ్ళు గాలి పీల్చి బతుకుతారని వాళ్ళ నమ్మకం కాబోలు.

మా గైడు సారు మంచివారు. ఈ కథలో ఒక దుర్మార్గుడు ఉండి ఉంటే నాకు ఎంత హాయిగా ఉండేదో. లేడు. ఆయనకు ఉన్నదల్లా ఒక భయం. నాకంటే ముందు ఆయన దగ్గర ప్రాజెక్టులో ఉన్న అమ్మాయి మధ్యలో పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయింది. పని సగంలో ఆగింది. డబ్బులిచ్చిన ఆఫీసు వాళ్ళు సారుని సంజాయిషీ అడిగారు. ఆయన ఢిల్లీ దాకా వెళ్ళి తల వంచుకుని నిలబడి వచ్చారు. అప్పటినుంచీ ఆయన నోట ఒకటే పాట. నిలబడే మనిషి కావాలి. మార్కులు కాదమ్మా, నిలబడే మనిషి కావాలి.

ఆ ఏడాది ఆయనకి కొండవీడు కొండ మీది మొక్కల సర్వే ప్రాజెక్టు వచ్చింది. కొండ ఎక్కాలి, అన్ని కాలాల్లోనూ ఎక్కాలి, మొక్కలు తెచ్చి పాత పేపర్ల మధ్య పెట్టి నొక్కి ఆరబెట్టాలి, పేర్లు తేల్చాలి. సారు దగ్గర అప్పుడు ఉన్నది ఇద్దరం. నేను, షాహీనా.

షాహీనాది నరసరావుపేట. వాళ్ళ నాన్న ట్రాక్టర్ మెకానిక్. నాకంటే ఒక ఏడాది జూనియర్. చేరిన మొదటి రోజే నన్ను అక్కా అంది. ఊరికే పిలవడం కాదు, ఆ పిలుపుకి తగ్గట్టు నడుచుకునేది. నాకు జ్వరం వస్తే నా క్లాసు తను చెప్పేది. నేను నొక్కిన ఆకులకు బూజు పట్టేది, తను నొక్కినవి చెట్టున ఉన్నప్పటి రంగుతోనే ఉండేవి. కొండ ఎక్కేటప్పుడు నేను మెట్టు మెట్టుకీ కూలబడుతుంటే తను పైకి వెళ్ళి మళ్ళీ కిందికి వచ్చి నా సంచీ కూడా తీసుకునేది. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మా ఇద్దరిలో ఆ ఫెలోషిప్ ఎవరికి రావాలో నాకు తెలుసు. తెలియక చేశానని మీరు అనుకోకూడదు.

అప్పటికి నా సంగతి ఏమిటంటే, ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. వరసగా రెండేళ్ళు మిరప దెబ్బతింది. నాన్న ఏమీ అనేవారు కాదుగానీ అన్నయ్య అనేవాడు. ఈ సంక్రాంతి లోపల ఏదో ఒకటి తేల్చుకోమన్నాడు. జీతంలాంటిది ఏదన్నా వస్తే చదువుకో, లేదంటే తాళి కట్టించుకో. ఇంతే. ఆ ముందు ఆదివారమే ఒకళ్ళు వచ్చి నన్ను చూసి వెళ్ళారు. ఈ సంగతి నేను డిపార్ట్‌మెంటులో ఎవరికీ చెప్పలేదు. షాహీనాకి కూడా చెప్పలేదు. ఆదివారం ఊరెందుకు వెళ్ళావని అడిగితే, అమ్మకి ఒంట్లో బాగాలేదన్నాను.

తను మాత్రం అన్నీ చెప్పేది. వాళ్ళ నాన్న అన్నేళ్ళుగా రోడ్డు పక్కన రేకు కిందే పని చేసేవాడు. వానొస్తే పని ఆగేది, మునిసిపాలిటీ వాళ్ళొస్తే సామాను సర్దుకోవాల్సి వచ్చేది. వినుకొండ రోడ్డులో ఒక షెడ్డు అద్దెకు ఖాళీ అయింది. దాని కోసం నెలల తరబడి తిరిగారు. యజమాని ఇస్తాననేవాడు, మళ్ళీ చూద్దాం అనేవాడు. ఎవరో పెద్దమనిషి చేత చెప్పించాలనేవాడు. హాస్టల్ గదిలో మా ఇద్దరికీ పొద్దస్తమానం షెడ్డు గోలే. ఆ షెడ్డు తలుపులు ఎటు తెరుచుకుంటాయో కూడా చూడకుండానే నాకు తెలుసు.

ఒక రోజు పొద్దున్నే షాహీనా ఊరి నుంచి వచ్చింది. చేతిలో స్వీట్ల డబ్బా. గుమ్మంలోనే నన్ను పట్టుకుని గిరగిరా తిప్పేసి, అక్కా, ఖాయమైంది, రంజాన్ అయినాక తెరుస్తాం అంది. ఏది ఖాయమైందో నేను అడగలేదు. అడగాల్సిన పని లేదు. డబ్బా డిపార్ట్‌మెంటులో పెట్టి, అందరికీ ఇవ్వక్కా అని, మళ్ళీ మధ్యాహ్నం బస్సుకే వెళ్ళిపోయింది. అగ్రిమెంటు రాసుకునేటప్పుడు వాళ్ళ నాన్న పక్కన చదువుకున్న మనిషి ఉండాలట.

మధ్యాహ్నం మూడింటప్పుడు సారు వచ్చారు. మొక్కలు దాచే గదిలో నేను ఒక్కదాన్నే ఉన్నాను. డబ్బా తెరిచి ఆయన ముందు పెట్టాను. ఆ తరవాత జరిగింది ఒక్క నిమిషం కూడా ఉండదు. నేను మర్చిపోయిన పాఠాలు ఎన్నో ఉన్నాయిగానీ ఈ నిమిషంలో ఒక్క మాట కూడా మర్చిపోలేదు.

"ఏందమ్మా స్వీట్లు? ఎవురు తెచ్చారు?"

"షాహీనా తెచ్చింది సార్."

"ఏంది విశేషం?"

"ఖాయమైందంట సార్."

ఆయన చేతిలో మైసూర్ పాక్ ముక్క నోటి దాకా వెళ్ళి ఆగింది.

"ఓహో. ఎప్పుడంట?"

"రంజాన్ అయినాక అంటంది సార్."

"మంచిదేలే. పిల్ల ఇష్టంగానే ఉందా?"

"చానా సంతోషంగా ఉంది సార్."

చూశారా? ఒక్కటన్నా అబద్ధం ఉందా? ఖాయమైంది నిజం. రంజాన్ తరవాత నిజం. సంతోషం నిజం. మన దగ్గర పెళ్ళి కావాల్సిన ఆడపిల్ల స్వీట్లు తెచ్చి ఖాయమైందీ అంటే ఇంక ఏమిటీ అని ఎవరూ అడగరు. మగపిల్లాడికి ఖాయమైందంటే ఉద్యోగమా, సీటా, పొలమా అని అడుగుతారు. ఆడపిల్లకి ఖాయమయ్యేది ఒక్కటే. సారు కూడా అందరిలాంటి మనిషే. ఆయన ముఖంలో ఆ ఒక్కటి వచ్చి కూర్చోవడం నేను కళ్ళారా చూశాను. 'షెడ్డు సార్' అంటే సరిపోయేది. నా నోరు తెరుచుకునే ఉంది. మాట రాలేదు.

రాలేదా, రానివ్వలేదా? ఇన్నేళ్ళుగా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. మొదటి జవాబు దాకా నేను అమాయకురాలినే అని కొన్నేళ్ళు నమ్మాను. నోటి అలవాటుగా ఖాయమైందన్నాను, సారు తప్పుగా తీసుకున్నారు, అంతే కదా అనుకున్నాను. కానీ ఆ వాక్యంలో ఒక 'అంట' ఉంది. అది నన్ను నిద్రపోనివ్వలేదు. ఖాయమైందంట. నాకు కళ్ళతో చూసినంత బాగా తెలిసిన సంగతికి 'అంట' ఎందుకు తగిలించాను? అంట అంటే ఎవరో చెబితే విన్నానని. రేపు తేడా వస్తే నాకేం తెలుసు, అలా విన్నాను అని తప్పుకోవడానికి. అంటే నోరు తెరిచే ముందే నాకు తెలుసన్నమాట. అమాయకురాలినట, నా మొహం.

సారు ఆ ముక్క తినేసి చెయ్యి దులుపుకున్నారు.  అప్పుడు అడిగారు, నీ సంగతేంది, నువ్వు నిలబడతావా అని. నిలబడతాను సార్ అన్నాను. ముందు ఆదివారం నన్ను చూసి వెళ్ళినవాళ్ళ దగ్గర్నుంచి కబురు రావాల్సి ఉంది. సారు భయపడాల్సింది నా గురించి. అసలు ఖాయం కాబోతున్నది నాకు.

పోనీ ఆ నిమిషం తప్పిపోయింది. ఆ తరవాత రెండు రోజులకి దేవుడు ఇంకో అవకాశం ఇచ్చాడు, అదీ పళ్ళెంలో పెట్టి. షాహీనా తిరిగి వచ్చింది. వరండాలో సారు ఎదురయ్యారు. నేను పక్కనే ఉన్నాను. ఆడపిల్ల పెళ్ళి మాట మగవాడు నోరు విప్పి అడగడం ఆయనకి మర్యాద కాదు. అందుకని ఆ మాట ఎత్తకుండా, ఆమె తల మీద చెయ్యి పెట్టి, విన్నానమ్మా, అంతా మంచే జరుగుద్ది, నాన్నగారికి పెద్ద బరువు దిగింది అన్నారు. పిచ్చిది ఎంత మురిసిపోయిందో. సారుకి కూడా తెలిసిందే అని నా వైపు చూసి నవ్వింది. మా నాన్న రాత్రంతా నిద్రపోలేదు సార్ అంది. నిద్రెట్టా పట్టుద్ది మరి, తండ్రి కదా అన్నారు సారు. ఇద్దరూ ఒకే మాట మాట్లాడుతున్నారు, ఇద్దరి మనసుల్లో వేరు వేరు సంగతులు. రెండూ తెలిసినదాన్ని నేను ఒక్కదాన్నే. మధ్యలో స్తంభంలా నిలబడ్డాను. నవ్వాను కూడా.

ఇంటర్వ్యూ పేరుకి జరిగింది. షాహీనా కొండ మీది మొక్కల గురించి చక్కగా చెప్పింది. సారు ఆమెను పెద్దగా ఏమీ అడగలేదు. వెళ్ళిపోయే పిల్లని ఎందుకు ఇబ్బంది పెట్టడం అనుకున్నారు. ఆమె ఆ మౌనాన్ని వేరేగా తీసుకుంది. తన ఇంగ్లీషు బాగాలేదనుకుంది. నా పేరు వచ్చినప్పుడు వచ్చి నన్ను కావలించుకుని, నువ్వు సీనియర్‌వి కదక్కా, నీకే రావాలి అంది. ఆ సాయంత్రమే బస్టాండుకి వెళ్ళి ఇంగ్లీషు మాట్లాడటం నేర్పే పుస్తకం కొనుక్కొచ్చింది. నా ఎదురు మంచం మీద కూర్చుని బట్టీ పట్టింది.

రంజాన్ వెళ్ళింది. షెడ్డు తెరిచారు. నేను వెళ్ళి టెంకాయ కూడా కొట్టాను, వాళ్ళ నాన్న కొట్టమ్మా అంటే. పెళ్ళి మాత్రం జరగలేదు కదా. సారు ఆ సంగతి గమనించలేదా అని మీరు అడగవచ్చు. నేనూ రోజూ భయపడుతూ అదే చూశాను. ఆయన ఒకసారి ఏమైందని నన్నే అడిగారు. ఏమో సార్, నేనడగలేదు అన్నాను. ఇదొక్కటి అచ్చమైన అబద్ధం. తప్పిపోయిందేమో పాపం అని ఆయనే అనుకున్నారు. తప్పిపోయిన పెళ్ళి గురించి ఆడపిల్లని ఎవరు అడుగుతారు? మళ్ళీ మర్యాదే. ఆ మర్యాద నన్ను కాపాడినంతగా నన్ను కన్నవాళ్ళు కూడా కాపాడలేదు.

షాహీనా ఫెలోషిప్ లేకుండా కొంతకాలం నెట్టుకొచ్చింది. హాస్టల్ మానేసి రోజూ నరసరావుపేట నుంచి బస్సులో వచ్చేది. తరవాత వారానికి మూడు రోజులు వచ్చేది. షెడ్డు అద్దె పెరిగింది, తమ్ముడు పాలిటెక్నిక్‌లో చేరాడు. పేటలోనే ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో బైపీసీ పిల్లలకు బాటనీ చెప్పే ఉద్యోగం దొరికింది. సెలవుల్లో వచ్చి పూర్తి చేస్తానక్కా అంది. ఆ కాలేజీల్లో సెలవులుంటాయా? రిజిస్ట్రేషన్ గడువు అయిపోయింది. ఆమె నొక్కిన మొక్కల షీట్లు ఇప్పటికీ మా డిపార్ట్‌మెంటు బీరువాలో ఉన్నాయి. నా పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు మంచి నమూనా కావాలంటే నేను తీసేది వాటినే.

నా సంగతి వినండి, ఇంకా బాగుంటుంది. ఫెలోషిప్ రెండో ఏడాదిలో నాకు పెళ్ళయింది. ఆ నిలబడతానన్నదాన్నే. సారు పెళ్ళికి వచ్చి అక్షింతలు వేసి, నువ్వు కూడానా తల్లీ అని నవ్వారు. అంతే. ఫెలోషిప్ ఆపలేదు. నేను మెడలో పసుపు తాడుతో కొండ ఎక్కాను, కడుపుతో థీసిస్ రాశాను. ఎవరూ ఏమీ అనలేదు. అంటే సారు భయానికి అర్థమే లేదు. పెళ్ళయితే మాత్రం ఏం మునిగింది? దేని కోసం ఒక పిల్లని పక్కకి నెట్టారో, అదే నాకు జరిగితే ఆశీర్వదించి వెళ్ళారు. ఆయన మీద నాకు అప్పుడు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. నా మీద రావాల్సినదంతా ఆయన మీదికి తోసేశాననుకోండి.

షాహీనా మీద కూడా కోపమే. నవ్వకండి. ఆమె ఎప్పుడన్నా ఒక్కసారి ఏడ్చి ఉంటే, నన్ను చూసి మొహం తిప్పుకుని ఉంటే, నేను ఎప్పుడో కక్కేసేదాన్ని. అదేం లేదు. ఆలస్యంగానే అయినా పెళ్ళి చేసుకుంది, కొడుకు పుట్టాడు, ఎప్పుడు ఫోన్ చేసినా అక్కా బాగున్నావా అనే మొదలు. ప్రతి రంజాన్‌కీ ఎవరో ఒకరి చేత స్టీలు క్యారేజీలో షీర్ ఖుర్మా పాయసం పంపిస్తుంది. పిల్లలు ఎగబడి తింటారు. మా ఆయన ఆ అమ్మాయిది ఎంత మంచి మనసే అంటాడు. నేను గిన్నె కడిగే పని పెట్టుకుని వంటింట్లోకి వెళతాను. రంజాన్ అయినాక అన్న నా మాట నాకు ఏటేటా గిన్నెలో వస్తుంది.

ఇక సారు. ఆయన రిటైరైన రోజు ఫంక్షన్‌కి షాహీనా కూడా వచ్చింది, చంకలో పిల్లాడితో. సారు పిల్లాడి వయసు అడిగారు. ఏడాదిన్నర అంది. పెళ్ళయి ఎన్నాళ్ళయిందని అడిగారు. చెప్పింది. మొదట చూసిన సంబంధమే సార్, అంతకు ముందు మా నాన్న ఎక్కడా వెతకనే లేదు అని కూడా అంది. సారు ఆమె వైపు చూసి, తరవాత నా వైపు చూశారు. ఎంతసేపు చూశారో చెప్పలేను, నేను కాఫీ గ్లాసులు అందించే వంకతో అక్కణ్ణించి జారుకున్నాను. ఆయన ఆ తరవాత నన్నేమీ అడగలేదు. గుర్తొచ్చిందా, రాలేదా? వచ్చి ఊరుకున్నారా? ఇప్పుడు ఆయన సత్తెనపల్లిలో కూతురి దగ్గర ఉంటున్నారు. చెవులు బొత్తిగా వినపడవు. నేను వెళ్ళి ఒప్పుకోవాలంటే వీధి వీధంతా వినేలా అరిచి ఒప్పుకోవాలి. రెండుసార్లు వెళ్ళాను. పళ్ళు ఇచ్చి వచ్చాను.

ఇప్పుడు ఎందుకు చెబుతున్నానంటే, ఈ మధ్య నాకే ఒక ప్రాజెక్టు వచ్చింది, మళ్ళీ కొండ మొక్కల సర్వేనే. ఒక్కటే ఫెలోషిప్. మారలేదు ఏమీ. షాహీనా ఫోన్ చేసింది. తన దగ్గర ఇంటర్ చదివిన పిల్ల, పేరు మల్లీశ్వరి, మాచర్ల దగ్గర ఊరు, ఎమ్మెస్సీ చేసి దరఖాస్తు పెట్టింది, రికమెండేషన్ కాదక్కా, మొక్కలంటే పిచ్చి ఆ పిల్లకి, న్యాయంగా చూడు చాలు అంది. న్యాయంగా చూడమని నాకు చెప్పింది. ఎవరికి చెబుతుందో తెలియక చెప్పింది.

ఇంటర్వ్యూలో ఆ పిల్లే ముందు నిలిచింది, తిరుగు లేకుండా. పేరు రాసే ముందు టీ తాగుతున్నాం. పక్కన కూర్చున్న మా కుర్ర లెక్చరర్, మనసులో ఏ చెడూ లేని మనిషి, గొంతు తగ్గించి అన్నాడు.

"మేడమ్, ఆ పిల్లకి ఖాయమైందంట."

నాకు ఏం పట్టిందో తెలియదు.

"ఏం ఖాయమైంది?" అన్నాను.

ఎంత గట్టిగా అన్నానంటే అటెండర్ లోపలికి తొంగి చూశాడు. లెక్చరర్ బిత్తరపోయాడు. పెళ్ళి మేడమ్, ఇంకేముంటది అన్నాడు. నీకెవరు చెప్పారు, నువ్వు అడిగావా, షెడ్డేమో, ఇల్లేమో, గేదేమో నీకేం తెలుసు అని అతని మీద విరుచుకుపడ్డాను. షెడ్డేంటి మేడమ్ అన్నాడు పాపం. పిల్లని పిలిపించాను. అందరి ముందూ అడిగాను, నీకు ఏం ఖాయమైందమ్మా అని.  ఏదో ఒకటి, పెళ్ళి కానిది ఏదైనా చెప్పు తల్లీ అని లోపల మొక్కుకున్నాను. ఆ పిల్ల కాళ్ళ వైపు చూసి, మెల్లగా, పెళ్ళి మేడమ్ అంది.

అప్పుడు తెలిసింది. ఇన్నేళ్ళూ నేను ఆ ఖాయం చుట్టూ, ఆ అంట చుట్టూ గానుగెద్దులా తిరిగానే, నా తప్పు అది మాత్రమే కాదు. షాహీనాకి నిజంగానే పెళ్ళి ఖాయమై ఉంటే? అప్పుడు నేను చేసింది ఒప్పవుతుందా? పెళ్ళి కుదిరిన పిల్ల చదువుకి పనికిరాదనే మాటకి నేను కూడా తలూపాను. రేపో మాపో నాకూ కుదరబోతుందని తెలిసి, నా మెడకి పడాల్సిన ఆ పలుపుని తీసి ఇంకో ఆడపిల్ల మెడకి కట్టాను.  ఆ పిల్లతో, కొండ ఎక్కడానికి మంచి బూట్లు కొనుక్కో అని మాత్రం అన్నాను. ఆ పిల్ల పేరు రాసేశాం. మొదట్నించీ రావాల్సింది ఆ పిల్లకే. ఇందులో నా గొప్పేమీ లేదు, దయచేసి నాకు మార్కులు వెయ్యకండి.

మర్నాడు షాహీనాకి ఫోన్ చేశాను. మల్లీశ్వరికి వచ్చిందని చెప్పాను. అల్లా నిన్ను చల్లగా చూడాలక్కా అంది. ఆ మాటకి ఇక ఆగలేకపోయాను. మైసూర్ పాక్ దగ్గర్నుంచి మొదలుపెట్టి, సారు ఏమడిగారో, నేనేమన్నానో, ఒక్క ముక్క మిగల్చకుండా చెప్పాను. నా పెళ్ళిచూపుల సంగతి కూడా చెప్పాను.  వెనక కాలేజీ బెల్లు మోగింది, పిల్లలు మెట్లు దిగుతున్న చప్పుడు వినిపించింది, తరవాత అదీ ఆగిపోయింది. నేను చెప్పడం అయిపోయింది. ఏదన్నా అను షాహీనా, తిట్టు అన్నాను.

అప్పుడు మాట్లాడింది. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

"ఆ రోజు సారు నా తల మీద చెయ్యి పెట్టాడు. షెడ్డు సంగతి ఇని దీవించాడనుకున్నా. ఇంటికి పొయ్యి మా నాన్నకి చెప్పా. అంత పెద్ద సారు నా షెడ్డుని దీవించాడని మా నాన్న వచ్చినోళ్ళకల్లా చెప్పుకునేవోడు. కన్నుమూసేదాకా చెప్పుకున్నాడు."

 ఫెలోషిప్ ఒక్కటే తీసుకున్నాననుకున్నాను. వాళ్ళ నాన్న చివరిదాకా దాచుకున్న ఆ దీవెన కూడా ఇప్పుడు నా చేత్తోనే లాగేశానని అర్థమైంది. చెప్పడం తప్పా, చెప్పకపోవడం తప్పా, నాకు తెలియదు. ఏది చేసినా ఆమెకే నష్టం వచ్చేలా ఎలా కట్టానో చూడండి.

ఆమే అడిగింది.

"మల్లీశ్వరిని ఎప్పుడు జాయినవమంటారు, మేడమ్?"

సోమవారం రమ్మను అన్నాను. సరే మేడమ్ అని పెట్టేసింది.

పద్దెనిమిదేళ్ళ వయసు పిల్ల కాదు, ఏదో అలిగిందిలే, మళ్ళీ అక్కా అంటుందిలే అనుకోవడానికి. తూచి అన్న మాట అది. ఈ రంజాన్‌కి క్యారేజీ రాదు. రాకూడదు కూడా. మా పిల్లలు అడిగితే ఏం చెప్పాలో ఇంకా ఆలోచించుకోలేదు.

తేలికపడ్డావా అంటే, పడ్డాను. ఎంత అని అడగకండి. ఒక్క వాక్యమంత. అప్పుడు నోరు తెరుచుకుని ఉండి కూడా బయటికి రాని ఆ వాక్యాన్ని, సారుకి వినపడకపోయినా, షాహీనాకి అక్కర్లేకపోయినా, ఇక్కడ మీ ముందు పూర్తిగా చెప్పేస్తున్నాను. అంట లేకుండా చెబుతున్నాను.

షాహీనా వాళ్ళ నాన్నకి షెడ్డు ఖాయమైంది సార్.